ఎమ్మే సైకాలజీ, ఇంటర్ ఇంగ్లీషు

మద్దిలేటి ఎమ్మే సైకాలజీలో చేరింది మనుషుల మనసులు చదువుదామని కాదు. సీట్లు పంచే రోజున అతని వంతు వచ్చేసరికి తెలుగు అయిపోయింది, చరిత్ర అయిపోయింది, ఆర్థికశాస్త్రం ముందురోజే అయిపోయింది. కంప్యూటరు ముందు కూర్చున్నాయన తల ఎత్తకుండానే, "సైకాలజీ ఉంది, కావాల్నా?" అన్నాడు, బండి మీద మిగిలిపోయిన అరటిపండ్లు అంటగట్టేవాడిలాగా. కావాలన్నాడు మద్దిలేటి.

తీరా చేరాక ఆ చదువు అతన్ని పట్టుకుంది. బేతంచెర్ల దగ్గర నాపబండల గనుల్లో పనిచేసే కుటుంబం అతనిది. ఇంట్లో ఎవరికైనా గుండె దడదడలాడితే తాయెత్తు కట్టేవారు, నిద్ర పట్టకపోతే దిష్టి తీసేవారు. శాఖాధిపతి సర్వమంగళ మేడమ్ మొదటి పాఠంలోనే, భయమేస్తే నోరెందుకు ఎండుతుందో, కాళ్ళెందుకు వణుకుతాయో విడమరిచి చెప్తుంటే, ఇన్నాళ్ళూ తన ఒంట్లో జరుగుతున్నదాన్ని ఎవరో పక్కనే కూర్చుని రాసుకున్నట్టు అనిపించింది అతనికి. చిక్కల్లా ఒక్కటే. మేడమ్ తెలుగులో చెప్పింది, పుస్తకం ఇంగ్లీషులో ఉంది. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన మద్దిలేటి ఒక్కో వాక్యం కింద వేలు పెట్టుకుని, నిఘంటువు తిరగేసుకుంటూ ఒక పేజీ దాటేసరికి మెస్సులో అన్నం అయిపోయేది.

ఆ యేడు వానాకాలంలో విశ్వవిద్యాలయాన్ని తనిఖీ చేయడానికి ఢిల్లీ నుంచి ఒక సంఘం వచ్చింది. గోడలకు సున్నం పడింది. గ్రంథాలయం తాళం తెరుచుకుంది. ఎన్నడూ నీళ్ళు రాని కుళాయిలో ఆ రోజు నీళ్ళు వచ్చాయి. సంఘం అధ్యక్షుడు, తెల్లగడ్డం పెద్దమనిషి, సైకాలజీ తరగతిలోకి వచ్చి, ముందు వరసలో కూర్చున్న మద్దిలేటిని చూసి చిరునవ్వుతో అడిగాడు.

"వాట్ ఈజ్ యాంగ్జైటీ?"

ఆందోళన అంటే ఏమిటని. మద్దిలేటికి ఆ అధ్యాయం కంఠతా వచ్చు. లేచి నిలబడ్డాడు. నోరు ఎండిపోయింది. అరచేతులు చెమర్చాయి. మోకాళ్ళు బల్లకు తగిలి టకటకమన్నాయి. చెమట చుక్క ఒకటి ముక్కు కొస మీదికి వచ్చి అక్కడే ఆగిపోయింది. మాట మాత్రం రాలేదు.

అధ్యక్షుడు చాలాసేపు చూశాడు. "ప్రాక్టికల్స్ బాగా చెప్తున్నారు," అని మేడమ్‌ను ఇంగ్లీషులోనే మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

నెల తిరిగేసరికి నివేదిక వచ్చింది. అన్ని శాఖల గురించీ మంచీ చెడూ రాసి, సైకాలజీ దగ్గర ఒక్క వాక్యం రాశారు: ఈ శాఖ విద్యార్థుల ఇంగ్లీషును ఇంటర్మీడియట్ స్థాయికి తీసుకురావాలి.

రిజిస్ట్రారు ప్రభంజనరావుకు మాటలంటే భక్తి. ఒక మాట కాగితం మీదికి వచ్చిందంటే దాన్ని అమలు చేసి తీరవలసిందే. దాని అర్థమేమిటన్నది వీలునుబట్టి తర్వాత చూసుకోవచ్చు. ఆయన విద్యామండలిని సమావేశపరిచి, ఆ వాక్యాన్ని ముమ్మారు చదివి వినిపించి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంటర్మీడియట్ అంటే ఏమిటో మన రాష్ట్రంలో పసిపిల్లవాణ్ణి అడిగినా చెప్తాడు. పదో తరగతి తర్వాత, డిగ్రీకి ముందు, రెండేళ్ళు. కావున సైకాలజీ విద్యార్థులు యావన్మందినీ మన ఆవరణలోని జూనియర్ కళాశాలలో ద్వితీయ సంవత్సరం ఇంగ్లీషు తరగతికి పంపి, వార్షిక పరీక్ష రాయించి, ఉత్తీర్ణులను చేయవలసి ఉన్నది."

సర్వమంగళ మేడమ్ లేచింది. "సార్, వాళ్ళు రాసింది ఆ ఇంటర్మీడియట్ గురించి కాదు. భాష నేర్చుకోవడంలో మొదటి మెట్టు, నడిమి మెట్టు, పై మెట్టు అని ఉంటాయి. నడిమి మెట్టును ఇంగ్లీషులో అలా అంటారు. ఆ మాటకు రెండర్థాలు..."

"మేడమ్," అన్నాడు ప్రభంజనరావు చాలా మర్యాదగా, "ఒక మాటకు రెండర్థాలు ఉండడం మీ శాఖలో చెల్లుతుందేమో. పరిపాలనలో చెల్లదు."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. ఇందుమూలముగా తెలియజేయడమేమనగా అని మొదలై, అతిక్రమించినవారిపై తగు చర్యలు గైకొనబడునని ముగిసింది.

తరగతిలో పట్టుమని పదిమంది కూడా లేరు. అందరూ తమ తమ ఇంటర్ సర్టిఫికెట్లు పట్టుకుని రిజిస్ట్రారు గదికి వెళ్ళారు. తక్కినవాళ్ళు మద్దిలేటిని ముందుకు తోశారు, సంఘం ముందు నిలబడిన అనుభవం ఉన్నవాడని.

"సార్, మేమంతా ఇంటర్ పాసైనోళ్ళమే," అన్నాడు మద్దిలేటి, సర్టిఫికెట్ చూపిస్తూ. "ఇంగ్లీషులో గూడా పాసే."

ప్రభంజనరావు దాన్ని రెండువైపులా తిప్పి చూశాడు. "నిజమే. ఇందులో ఉత్తీర్ణుడవైన ఇంగ్లీషు ప్రస్తుతం నీ వద్ద ఉన్నదా?"

మద్దిలేటి ఆలోచించాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "లేదు సార్."

"మరి ఇది దేనికి సాక్ష్యం? ఒకప్పుడు ఉన్నదని సాక్ష్యం. ఒకప్పుడు నాకు జుట్టు ఉండేది. ఫొటో కూడా ఉన్నది. దాన్ని చూపించి దువ్వెన అడగగలనా?"

ఆ వాదనకు తిరుగులేదు. బట్టతల కళ్ళెదుటే ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాడు. నాయన గనిలో పని దిగి వచ్చి, చెవిలో దుమ్ము దులుపుకుంటూ విన్నాడు.

"మల్ల ఇంటరంటావేందిరా? యాడన్న ఫెయిలైనావా?"

"లేదు నాయనా. పాసైనా."

"పాసైనోనికి మల్ల పరీచ్చేందిరా? డిగ్రీ అయిపోయె గదా!"

"అది అయిపోయింది. ఇది మల్ల అయిపోవాలంట."

తర్వాత నాయన ఫోన్ చేత్తో మూసి అమ్మతో అంటున్నది సన్నగా వినపడింది. "పెద్ద సదువు సదువుతాండాడు అనుకుంటిమి గదా. ఎనక్కి సదువుతాండాడంట. ఇట్లనే పోతే వచ్చే యేటికి పదో తరగతికొస్తాడేమో." అమ్మ ఏదో అడిగింది. నాయన మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు. "మీయమ్మ అడుగుతాంది, మద్యానం బువ్వ బడిలో పెడ్తారా అని."

జూనియర్ కళాశాల బెంచీలు పదహారేళ్ళ పిల్లల కొలతకు చేయించినవి. మద్దిలేటి మోకాళ్ళు బల్ల కింద పట్టక, పక్కకు తిరిగి కూర్చుని మెడ మాత్రం ముందుకు తిప్పేవాడు. యూనిఫారం లేనిదే లోపలికి రానివ్వమన్నారు. నీలం గళ్ళ చొక్కా తొడుక్కుని, మీసం ఉన్న మనిషి గేటు దగ్గర నిలబడితే, కాపలాదారు ప్రతిరోజూ లేచి నమస్కారం పెట్టి, చొక్కా చూసి మళ్ళీ కూర్చునేవాడు. నెలాఖరుకు తల్లిదండ్రుల సమావేశం వచ్చింది. తండ్రి రాలేనన్నాడు కాబట్టి సర్వమంగళ మేడమే సంరక్షకురాలిగా వచ్చి, పిల్లవాడు చురుకైనవాడే కానీ నోరు విప్పడం లేదని చెప్పించుకుని, తల వంచుకుని సంతకం పెట్టి వెళ్ళింది.

ఇంగ్లీషు చెప్పేది ఎలీషమ్మ మేడమ్. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఈ ఎమ్మే పిల్లలను చూసి మొదట నవ్వుకుంది, తర్వాత జాలిపడింది, వారం తిరక్కముందే మామూలు పిల్లలను తిట్టినట్టే తిట్టడం మొదలుపెట్టింది. మద్దిలేటికి అదే నచ్చింది.

"ఏం మద్దిలేటీ, నోట్లో నాపబండ పెట్టుకున్నావా? మాట్లాడు."

"తప్పు వస్తాది మేడమ్."

"రానీ. నువ్వు తప్పు మాట్లాడితే నేను దిద్దుతా. మాట్లాడకుండా కూర్చుంటే ఏం దిద్దమంటావు, నీ మీసమా?"

తరగతి గొల్లుమంది. మద్దిలేటి లేచి ఒక వాక్యం మాట్లాడాడు. అందులో కర్త ఒక్కటే సరైనచోట ఉంది. ఎలీషమ్మ తక్కినదంతా విప్పి మళ్ళీ కట్టి ఇచ్చింది. అతను తిరిగి చెప్పాడు. ఎవరూ చచ్చిపోలేదు. ఆ సంగతి అతనికి ఎంతో వింతగా తోచింది.

అతని ముందు బెంచీలో నగీనా అనే పిల్ల కూర్చునేది. వాళ్ళ నాయన మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల దుకాణంలో గుమాస్తా. తరగతిలో ఆ పిల్లకు రాని జవాబు లేదు. ఎలీషమ్మ ప్రశ్న పూర్తి చేసేలోపే పెదవులు కదిలేవి. అయినా మొదటి సంవత్సరం ఇంగ్లీషు పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి వచ్చింది. ఈసారి రెండేళ్ళవీ కలిపి రాయాలి. నర్సు కావాలని ఆ పిల్ల కోరిక. ఈసారి కూడా తప్పితే చదువు మాన్పిస్తానని వాళ్ళన్న చెప్పేశాడు.

"నీకేమొచ్చె? అన్నీ వచ్చు గదా," అన్నాడు ఒకరోజు మద్దిలేటి.

"వస్తాయన్నా. ఇంట్లో వస్తాయి, ఈడ వస్తాయి. ఆ హాల్లో పేపరు చేతిలో పెడ్తానే అన్నీ ఎగిరిపోతాయి. చెవుల్లో గుయ్యిమంటాది. నాకేమన్నా రోగమా అన్నా?"

మద్దిలేటి చేతిలో పుస్తకం పక్కన పెట్టాడు. తను వేలు పెట్టుకుని చదివిన అధ్యాయం ఎదురుగా జడ వేసుకుని నిలబడి మాట్లాడుతోంది. "రోగం గాదు," అన్నాడు. "నాకూ ఉంది అది. దానికి పేరుంది, మందుంది. పుస్తకంలో ఉంది. ఇంగ్లీషులో ఉంది."

"తీసకరా. చదువుదాం," అంది నగీనా.

అలా మొదలైంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరూ, వాళ్ళతో ఇంకొందరు పిల్లలూ వరండాలో చేరేవారు. నగీనా సైకాలజీ పుస్తకం పైకి చదివేది, పలకడం ఎలాగో చెప్పేది. మద్దిలేటి దాని భావం చెప్పేవాడు. భయం పట్టుకున్నప్పుడు అరికాళ్ళు నేలకు ఆనించాలి, ఊపిరి నెమ్మదిగా వదలాలి, కళ్ళ ముందున్న వస్తువులను ఒక్కొక్కటే పేరు పెట్టి పిలవాలి. పిల్లలు దాన్ని ఆటలా ఆడేవారు, ఇంగ్లీషులోనే. మద్దిలేటికి ఒకరోజు ఉన్నట్టుండి తెలిసివచ్చింది, తను పొద్దుటినుంచి నిఘంటువు ముట్టుకోలేదని. ఎమ్మే తరగతిలో రాని ఇంగ్లీషు ఇంటర్ వరండాలో వచ్చేసింది. రిజిస్ట్రారు గారు చేసిన పని తప్పని ఒప్పుకోవడం అప్పటినుంచి అతనికి కాస్త కష్టంగానే ఉండేది.

ఇంతలో ప్రభంజనరావు కార్యాలయంలో నిబంధనల విభాగం మేలుకుంది. ఒకే మనిషి ఒకే సమయంలో రెండు కోర్సులు చదవడం ఆ విశ్వవిద్యాలయం నిబంధనలకు విరుద్ధం. మద్దిలేటి బృందం ఇంటర్‌లోనూ ఉన్నది, ఎమ్మేలోనూ ఉన్నది. ఇంటర్‌లో ఉంచింది రిజిస్ట్రారు స్వయంగా కాబట్టి అందులో తప్పు ఉండే వీలు లేదు. కాబట్టి ఎమ్మే తప్పు. వారి ఎమ్మే ప్రవేశాలను నిలుపుదలలో ఉంచడమైనది.

ఆ తర్వాత ఆలోచన దానంతటదే నడిచింది. ఇంటర్ చదువుతున్నవాడు ఇంటర్ పూర్తి చేయనివాడు. ఇంటర్ పూర్తి చేయనివాడికి డిగ్రీ ఉండరాదు. వీరి వద్ద డిగ్రీలు ఉన్నట్లు విశ్వసనీయంగా తెలియవచ్చినందున, అట్టి డిగ్రీలను తక్షణమే కార్యాలయంలో అప్పగించవలెను.

మద్దిలేటి డిగ్రీ అప్పగించి రసీదు తీసుకున్నాడు. పీజీ హాస్టలు ఖాళీ చేయించి జూనియర్ హాస్టలుకు మార్చారు. అక్కడి వార్డెన్ ఫోన్ లాక్కుని, తలకు నూనె రాసుకోమని చెప్పాడు. శాఖలో విద్యార్థులే లేరు కాబట్టి సర్వమంగళ మేడమ్‌కు పని లేదని తేల్చి, ఆమెను జూనియర్ కళాశాల పరీక్షల పర్యవేక్షణకు వేశారు.

"మేడమ్, నా బతుకు ఏమైతాది?" అన్నాడు మద్దిలేటి ఆ రోజు. అతని గొంతులో నవ్వు లేదు. ఊళ్ళో మొదటి డిగ్రీ అతనిది. రసీదు చూపిస్తే నాయనకు ఏం అర్థమవుతుంది?

మేడమ్ కిటికీలోంచి బయటికి చూసింది. "పాసవ్వు," అంది. "వాళ్ళను గెలవాలంటే వాళ్ళ దారిలోనే నడిచి అవతలికి తేలాలి. మధ్యలో ఆగితే మిగిలేది రసీదే."

మార్చిలో పరీక్షలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరక్రమంలో ఎమ్ తర్వాత ఎన్ కాబట్టి మద్దిలేటి వెనకే నగీనా కూర్చుంది. మొదటి సంవత్సరం ఇంగ్లీషు ఆ పిల్ల పళ్ళబిగువున ఎలాగో రాసేసింది. ద్వితీయ సంవత్సరం ఇంగ్లీషు రోజు కాగితాలు పంచిన కాసేపటికి మద్దిలేటికి వెనక నుంచి ఏ చప్పుడూ వినపడలేదు. కలం గీరుకోవడం లేదు, కాగితం తిప్పడం లేదు. పెన్ను కింద పడిన చప్పుడు ఒక్కటి వినపడింది. దాన్ని ఎవరూ తీసుకోలేదు.

వెనక్కి తిరిగితే కాపీ అంటారు. మాట్లాడితే డిబారే, పరీక్షనుంచి వెళ్ళగొడతారు. హాల్లో స్క్వాడ్ అధికారి తిరుగుతున్నాడు, కిర్రు చెప్పులతో. మద్దిలేటి అరచేతులు చెమర్చాయి. ఆ చెమట తనకోసం కాదని అతనికి తెలుసు. లేచి నిలబడ్డాడు.

"సర్! ఐ యామ్ యాంగ్షస్," అన్నాడు, హాలంతా వినపడేలా. నాకు ఆందోళనగా ఉందని. స్క్వాడ్ అధికారి అక్కడే ఆగిపోయాడు. మద్దిలేటి ఆగలేదు. "బట్ ఇట్ విల్ పాస్. ఐ విల్ కీప్ మై ఫీట్ ఆన్ ద ఫ్లోర్. ఐ విల్ బ్రీద్ అవుట్ స్లోలీ. ఐ కెన్ సీ ఎ విండో. ఐ కెన్ సీ ఎ ఫ్యాన్. ఐ నో మై ఆన్సర్స్. దే ఆర్ నాట్ గాన్. దే ఆర్ ఓన్లీ వెయిటింగ్." ఇది పోతుంది, కాళ్ళు నేల మీద ఉంచుతాను, ఊపిరి నెమ్మదిగా వదులుతాను, కిటికీ కనిపిస్తోంది, ఫ్యాను కనిపిస్తోంది, నా జవాబులు ఎక్కడికీ పోలేదు, కాచుకుని ఉన్నాయంతే, అని. ఒక్క తప్పు లేదు. ఎలీషమ్మ విని ఉంటే ఏడ్చేది.

"సిట్ డౌన్!" అని అరిచాడు అధికారి.

మద్దిలేటి కూర్చున్నాడు. వెనకనుంచి పొడుగాటి ఊపిరి ఒకటి వదిలిన చప్పుడైంది. ఇంకొకటి. తర్వాత ఎవరో వంగి పెన్ను తీసుకున్నారు. ఆ తర్వాత కలం గీరుకోవడం మొదలై, గంట కొట్టేదాకా ఆగలేదు.

పరీక్ష అయ్యాక మద్దిలేటిని విచారణకు పిలిచారు. అభియోగం: ఇంగ్లీషు పరీక్ష హాలులో బహిరంగంగా ఇంగ్లీషు మాట్లాడుట.

"నీవు పలికిన వాక్యములయందు," అన్నాడు స్క్వాడ్ అధికారి, కాగితం చూసుకుంటూ, "ఫీట్ ఆన్ ద ఫ్లోర్ అని కలదు. ప్రశ్నపత్రంలో ఖాళీలు పూరింపుము అను విభాగమున మూడవ ఖాళీకి సరియైన జవాబు ఆన్. అనగా ఒక విభక్తి ప్రత్యయమును హాలు యావత్తుకూ బహిర్గతం చేసితివి."

పక్కనే ఉన్న సర్వమంగళ మేడమ్ నోరు తెరిచేలోపు ఎలీషమ్మ లేచింది.

"సార్, ఆన్ అన్న మాట ఆ హాల్లో ముందునుంచే ఉంది గదా."

"ఎచట?"

"స్విచ్చి బోర్డు మీద. ప్రతి స్విచ్చికీ రాసుంది."

అధికారులు వెళ్ళి చూశారు. ఉంది. కింద ఆన్, పైన ఆఫ్. ఆఫ్ అన్నది ఏడవ ఖాళీకి జవాబు. అధికారి ముఖం పాలిపోయింది. మద్దిలేటి మీద అభియోగం కొట్టేశారు. ఇకమీదట ఇంగ్లీషు పరీక్ష రోజున స్విచ్చి బోర్డులకు నల్లగుడ్డ కప్పవలెనని ఉత్తర్వు వేశారు.

ఫలితాలు వచ్చాయి. నగీనా రెండు సంవత్సరాల ఇంగ్లీషూ మంచి మార్కులతో పాసైంది. మిఠాయి పొట్లం పట్టుకుని, వాళ్ళన్నను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అన్న మద్దిలేటి చెయ్యి పట్టుకుని, "ఎంత పెద్ద చదువైనా చదువుకోనీలే భాయ్," అని, కళ్ళు తుడుచుకుంటూ పక్కకు తిరిగాడు. మద్దిలేటికి తొంభైకి పైన వచ్చాయి. జూనియర్ కళాశాలలో ఇంగ్లీషుకు అతనే ప్రథముడు. పత్రికలో ఫొటో కూడా పడింది, మీసంతో సహా.

ఆ వేసవిలోనే తనిఖీ సంఘం తన సిఫారసులు అమలయ్యాయో లేదో చూడడానికి మళ్ళీ వచ్చింది. తెల్లగడ్డం అధ్యక్షుడు, ఇంగ్లీషు ఎలా మెరుగైందని అడిగాడు. మద్దిలేటి నిలబడి, జరిగినదంతా, బెంచీలు, యూనిఫారం, డిగ్రీ రసీదు, స్విచ్చి బోర్డు, చక్కని ఇంగ్లీషులో పూసగుచ్చినట్టు చెప్పాడు. అధ్యక్షుడు మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. ప్రభంజనరావు వైపు తిరిగి, ఇంటర్మీడియట్ అంటే మేము చెప్పింది నడిమి స్థాయి అని, ఆరంభానికీ ఉన్నతానికీ మధ్యదని, వివరంగా చెప్పాడు.

ప్రభంజనరావు అంతా రాసుకున్నాడు. పొరపాటును సరిదిద్దడంలో ఆయన ఆలస్యం చేసే మనిషి కాదు. మర్నాడే కొత్త ఉత్తర్వు వెలువడింది: సైకాలజీ విద్యార్థుల ఇంగ్లీషు మధ్యస్థంగా ఉండవలెను. న్యూనమైనను, అధికమైనను ఉపేక్షింపబడదు. స్థాయిని మించినవారిని తగు రీతిన తగ్గించుటకు స్థాయి సర్దుబాటు సంఘం నియమించడమైనది.

మద్దిలేటిని ఆ సంఘం ముందుకు పిలిచారు. ప్రభంజనరావు మధ్యలో కూర్చున్నాడు, అటూ ఇటూ ఇద్దరు డీన్లు.

"చూడు నాయనా," అన్నాడు అనునయంగా, "నీ ఇంగ్లీషు హద్దు మీరింది. మాకు నీ మీద కోపం లేదు. వేసవి సెలవుల్లో కొంత మరిచిపోయి రా. పుస్తకాలు ముట్టుకోకు. నీకు ఎమ్మే, డిగ్రీ రెండూ తిరిగి ఇప్పిస్తాం."

మద్దిలేటి వరండా తలుచుకున్నాడు. పైకి చదువుతున్న నగీనా గొంతు, బెంచీ కింద ముడుచుకున్న తన మోకాళ్ళు. అందులోంచి ఏ ముక్క మరిచిపోవాలి? కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువగా తుంటరితనం వచ్చింది.

"సార్, మా స్టాటిస్టిక్స్ పేపరులో సగటు అని ఒకటుంది. మధ్యస్థం తేల్చేది దాంతోనే."

అంకెల మాట వినపడగానే డీన్లు నిటారుగా కూర్చున్నారు.

"నేనొక వాక్యం ఇంగ్లీషులో మాట్లాడతా సార్. దానికి నూటికి నూరు వేసుకోండి. ఎంటనే ఒక వాక్యం మా ఊరి తెలుగులో మాట్లాడతా. దాంట్లో ఇంగ్లీషు సున్నా. రెండూ కూడి సగం చేస్తే ఎంతొస్తాది?"

ప్రభంజనరావు కాగితం మీద కూడాడు, భాగించాడు. అటు డీన్‌కు చూపించాడు, ఇటు డీన్‌కు చూపించాడు.

"యాభై," అన్నాడు. అంకె కింద రెండు గీతలు గీశాడు. "ఖచ్చితంగా మధ్యస్థం."

"అంతే సార్. నాకు ఎక్కువా ల్యా, తక్కువా ల్యా."

తీర్మానం అక్కడికక్కడే రాశారు. ఇకమీదట సైకాలజీ శాఖ యందు బోధన, పరీక్ష, సలహా సంప్రదింపులు సమస్తమూ, ప్రతి ఇంగ్లీషు వాక్యమునకు ఒక తెలుగు వాక్యము చొప్పున జరుగవలెను. సలహా కోసం వచ్చేవాళ్ళ భాషలో మాట్లాడనివ్వండి అని ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టి విసిగిపోయిన సర్వమంగళ మేడమ్ ఆ తీర్మానం అందుకుని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల్నుంచి నవ్వు వినపడింది. డిగ్రీలు కూడా తిరిగి వచ్చాయి. ఇంటర్ ఇప్పుడే పాసైనందున, అంతకు పూర్వమే పొందిన డిగ్రీలను ముందుచూపుతో చేసినవిగా పరిగణించడమైనదని వాటి వెనక ముద్ర వేశారు. నాయనకు ఆ ముద్ర బాగా నచ్చింది. మావోనికి ముందుచూపు ఉందని సర్కారే రాసిచ్చిందని గనిలో అందరికీ చెప్పుకున్నాడు.

జూన్‌లో తనిఖీ సంఘం రెండో నివేదిక వచ్చింది. ఈసారి సైకాలజీ శాఖను ఎంతో మెచ్చుకుంటూ, ఈ శాఖలో ఒక చైర్ నెలకొల్పితే బాగుంటుందని రాశారు. విద్యాలోకంలో చైర్ అంటే పేరున్న ఒక పెద్ద ఆచార్యుడి పదవి, దానికి తోడు పరిశోధనకు నిధులు. మేడమ్ ఆ సంగతి చెప్దామని బయలుదేరేసరికే మేళతాళాలు వినపడ్డాయి.

నలుగురు మోసుకుని వచ్చారు. నల్లగా నిగనిగలాడే టేకు కుర్చీ. చేతులకు సింహం తలలు, వీపు మీద విశ్వవిద్యాలయం చిహ్నం, కూర్చునేచోట ఎర్ర మఖమలు. ప్రభంజనరావు రిబ్బను కత్తిరించి, హారతి ఇచ్చి, నెలకొల్పడమైనది అని ప్రకటించాడు. పక్కన గోడకు బోర్డు కొట్టించాడు: ఇది సైకాలజీ వారి చైర్. దీనిపై ఎవరూ కూర్చొనరాదు.

మర్నాడు పొద్దున్నే జూనియర్ కళాశాలలో కొత్తగా చేరిన పిల్ల ఒకతె సైకాలజీ శాఖ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉంది. ఇక్కడ ఎవరో అన్న ఉన్నాడంట, చెప్పుకుంటే వింటాడంట అని నసిగింది. ఇప్పుడో ఇంకాసేపటికో కూలబడేలా ఉంది. కొత్త కుర్చీకి చోటు కావాలని పాత కుర్చీలన్నీ నిన్ననే స్టోరు గదికి తరలించారు.

మద్దిలేటి బోర్డు వంక చూశాడు. కుర్చీని ఆ పిల్ల దగ్గరికి జరిపాడు.

"కూర్చో," అన్నాడు తెలుగులో. తీర్మానం ప్రకారం ఇంగ్లీషులోనూ అన్నాడు. "సిట్ డౌన్, అమ్మా. ఇప్పుడు చెప్పు, ఏమైంది?"